నాలుగు మిల్లీమీటర్ల కోసం పంజాగుట్ట

తిరిగొచ్చి పది రోజులైంది. స్టాఫ్ రూమ్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న, హైదరాబాద్‌లో ఏం చూశారు టీచర్‌గారూ, చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా అని. చూడలేదు. అమీర్‌పేట, పంజాగుట్ట తప్ప ఆ మహానగరంలో నేనింకేమీ చూడలేదు. ఆ రెండిటికీ మధ్య మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. ముప్పై ఏళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నదాన్ని, ఆ ఒక్క స్టేషన్ దూరంలో నోరు వెళ్ళబెట్టినన్నిసార్లు నా జన్మలో వెళ్ళబెట్టలేదు. మా స్టాఫ్ రూమ్‌లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

మాది తణుకు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. మా ఆయన సోమేశ్వరాచారి బంగారం పని చేస్తారు. చేసేవారు అనాలేమో. నాలుగేళ్ళ కిందట ఆయనకి మూర్ఛలు మొదలయ్యాయి. మాత్రలు మార్చాం, డాక్టర్లని మార్చాం, మూర్ఛ మాత్రం మారలేదు. రెండేళ్ళ కిందట నేను బడిలో ఉండగా ఆయన పని చేసుకుంటూ చేసుకుంటూ కుంపటి మీదికి ఒరిగిపోయారు. ఎడమ ముంజేయి కాలిపోయింది. ఆ రోజు నుంచి కుంపటి వెలిగించనివ్వలేదు నేను. తూకాలు చూడడం, మెరుగు పెట్టడం, పక్క కొట్టువాళ్ళకి సలహాలు చెప్పడం. యాభై రెండేళ్ళ పనివాడికి అదీ ఒక బతుకేనా?

విజయవాడ డాక్టరు గారు తేల్చి చెప్పారు. మాత్రలతో ఇది లొంగదు, మెదడులో ఎక్కడో ఒక చిన్న చోట నిప్పురవ్వ లేస్తోంది, ఆ చోటు కచ్చితంగా తెలిస్తే ఆపరేషన్ చేసి తీసెయ్యొచ్చు, కానీ మామూలు స్కానింగ్‌లో అది దొరకడం లేదు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి సెల్లార్‌లో క్వాంటం ఫిజిక్స్ పరిశోధకులు కొత్త పరికరం పెట్టి పరీక్షిస్తున్నారట. డబ్బు తీసుకోరట. పరికరం నెలాఖరు వరకే ఉంటుందట. మాకు ఒక్క రోజు ఇచ్చారు. ఆ ఒక్క రోజులో చోటు దొరికితే ఆయన మళ్ళీ కుంపటి దగ్గర కూచోవచ్చు. లేకపోతే లేదు. మేం హైదరాబాద్ బయల్దేరింది అందుకు.

బేగంపేటలో దిగి

స్టేషన్ బయట ఆటో ఎక్కుతుంటే డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. మా ఊళ్ళో అయితే ఎవరి తాలూకు, ఏ వీధి అని అడుగుతారు. ఈయన అదేమీ అడగలేదు.

"కోచింగ్‌కా, దవాఖానకా?" అన్నాడు.

మా మొహాలు చూస్తే కోచింగ్‌కి వచ్చినట్టుందా అన్నాను. ఆయన నవ్వి, అమీర్‌పేటకి వచ్చేవాళ్ళు ఈ రెండు రకాలేననీ, పిల్లలయితే కోచింగ్‌కి, పెద్దలయితే పంజాగుట్ట ఆసుపత్రులకి అనీ, మూడో రకం మనిషిని తను ఇంతవరకు ఎక్కించుకోలేదనీ చెప్పాడు. దిగేటప్పుడు మాట్లాడుకున్న దానికంటే ఇరవై రూపాయలు తక్కువ తీసుకున్నాడు. దవాఖానకి పోయేవాళ్ళ దగ్గర పూర్తిగా తీసుకోడట. హైదరాబాద్ ఆటోవాళ్ళ గురించి మావాళ్ళు చెప్పి పంపిన భయాలన్నీ పట్టుకొచ్చాను నేను. మొదటి మనిషే తీసి పక్కన పడేశాడు.

గది అమీర్‌పేటలో ఒక మెస్ మీద. మెస్ నడిపే సుబ్బలక్ష్మిగారిది భీమవరం. మా యాస వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది, కానీ ఇడ్లీ ధర తగ్గలేదు. ప్లేటు అరవై. మూడే ఇడ్లీలు. తణుకులో అరవై రూపాయలకి నలుగురం తిని టీ కూడా తాగి వస్తాం. ఇదేంటండీ ఇంత ధర అన్నాను. అద్దె చెప్పింది ఆవిడ. వినగానే నేను ఇడ్లీ మాట మళ్ళీ ఎత్తలేదు.

నలభై అయిదు రోజుల క్వాంటం

సాయంత్రం ఆయన పడుకున్నాక టీ కోసం కిందికి దిగాను. తల ఎత్తితే ఆకాశం లేదు, బోర్డులే. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, కరెంటు స్తంభానికీ, చెట్టుకీ, మూత్రశాల గోడకీ. ఆ కంప్యూటర్ కోర్సుల పేర్ల మధ్యలో ఒకటి చూసి నిలబడిపోయాను. "క్వాంటం కంప్యూటింగ్, నలభై అయిదు రోజుల్లో, అనుభవజ్ఞులైన ఫ్యాకల్టీ, డెమో క్లాస్ ఉచితం."

నేను ఎమ్మెస్సీలో రెండేళ్ళు క్వాంటం మెకానిక్స్ చదివాను. రెండేళ్ళూ ఏడ్చాను. ఇక్కడ నలభై అయిదు రోజులట! కాళ్ళు వాటంతటవే మెట్లెక్కాయి.

మూడో అంతస్తులో చిన్న గది, నలభై మంది పిల్లలు, ఏసీ ఉంది గానీ పని చేయడం లేదు. టై కట్టుకున్న మాస్టారు మంచి గొంతుతో పరమాణువు ఒకేసారి రెండు చోట్ల ఉండగలదని చెబుతున్నారు. పిల్లలు ఫోన్లలో రాసుకుంటున్నారు. నా నోరు ఊరుకోదు కదా, చెయ్యెత్తాను. రెండు చోట్ల ఉన్నదాన్ని కొలవడానికి పోతే ఏమవుతుందండీ అని అడిగాను.

"మెజర్‌మెంట్ మాడ్యూల్ నాలుగో వారంలో ఉంటుంది మేడం," అన్నారాయన ఏమాత్రం తడబడకుండా. ఇవాళే చేరితే ఫీజులో తగ్గింపు కూడా ఉందని చెప్పారు.

పిల్లలు ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. బిత్తరపోయి కిందికి దిగి, ఇరవై రూపాయల టీ తాగాను. మర్యాదకి చెప్పడం కాదు, టీ మాత్రం చాలా బాగుంది.

పంజాగుట్ట సెల్లార్

మర్నాడు పొద్దున్న ఆసుపత్రి. పైన గాజు తలుపులు, పూలకుండీలు, బిల్లు కౌంటర్లు. మమ్మల్ని కిందికి పంపారు, కార్లు పెట్టే చోటు దాటి ఇంకా లోపలికి. అక్కడ సంతోష్ అనే శాస్త్రవేత్త మాకోసం నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, జనగామ వైపు వాడు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. శాస్త్రవేత్త అంటే నేనేదో ఊహించుకున్నాను. మా ఎలక్ట్రీషియన్ కూడా ఇంతకంటే దర్జాగా ఉంటాడు.

ముందు కాగితం మీద ప్రశ్నలు. మూర్ఛ ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎంతసేపుంటుంది. తర్వాత, వచ్చినప్పుడు మీరేం చేస్తారు, చేతిలో తాళాలు పెడతారా అని అడిగాడు. మూర్ఛ వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని మనవైపు అందరికీ నమ్మకమే కదా. అడిగినందుకు నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను సైన్స్ టీచర్నని, ఏటా బడిలో మూఢనమ్మకాల మీద కార్యక్రమం నేనే నడుపుతానని, తాళాల గుత్తి విసిరి పారేసి పిల్లలకి చూపిస్తానని, పక్కకి తిప్పి పడుకోబెట్టడం ఒక్కటే చేయాలని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. సంతోష్ ఓపిగ్గా విన్నాడు. మా ఆయన గోడ వైపు చూస్తూ కూచున్నారు. నేను మాట్లాడుతుంటే ఆయన ఎప్పుడూ అటే చూస్తారు.

తర్వాత పరికరం చూపించాడు. చూసి నివ్వెరపోయాను. పెద్ద యంత్రం ఏదో ఉంటుందనుకున్నాను. అగ్గిపెట్టె కంటే చిన్న పెట్టెలు యాభై దాకా, సైకిల్ తొక్కేవాళ్ళ టోపీలాంటి దానికి గుచ్చి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో పంచదార పలుకంత గాజు గది, దాన్నిండా రుబీడియం అనే లోహపు ఆవిరి. దానిలోకి లేజర్ వెలుగు పంపిస్తే, ఆ పరమాణువులన్నీ మా బడి పిల్లలు ప్రార్థనకి నిలబడ్డట్టు ఒకే దిక్కుకి తిరిగి నిలబడతాయి. పక్కన ఎక్కడైనా పిసరంత అయస్కాంత బలం కదిలిందా, ఆ వరుస కాస్త పక్కకి ఒరుగుతుంది. అప్పుడు అవతలికొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలని కొలుస్తారు.

మెదడులో కరెంటు పారుతుంది కాబట్టి దాని చుట్టూ అయస్కాంత బలం ఉంటుందని నాకు తెలుసు. పదో తరగతి పాఠం. అదెంత ఉంటుందో ఏనాడూ ఆలోచించలేదు. దిక్సూచి ముల్లుని తిప్పే భూమి బలం ఉంది చూడండి, దాన్ని కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. దాన్ని ఈ టోపీ వింటుంది, తలకి గాటు పెట్టకుండా, తల మీద కూచుని. మా ఆయన మిల్లీగ్రాము తేడా వేలితో పట్టి చెప్తారని తణుకంతా గొప్పగా చెప్పుకుంటుంది. ఆయన ఆ గాజు పలుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని, "దీన్ని పొదిగినవాడెవడో మహానుభావుడు," అన్నారు. సంతోష్ సిగ్గుపడిపోయాడు. పొదిగింది వాడేనట.

టోపీ పెట్టుకుని కూచునేది ప్రత్యేకమైన లోహపు గోడల గదిలో. గోడలు పొరలు పొరలుగా ఉండి బయటి అయస్కాంత బలాన్ని లోపలికి రానివ్వవు. లోపల కర్ర కుర్చీ, ఇత్తడి మేకులు.

"మెట్రో పోయినప్పుడల్లా మాకు తెలుస్తది మేడం," అన్నాడు సంతోష్. "గంత దూరంల రైలు పోతుంటే సుత ఇక్కడ గీత కదులుతది. అందుకే ఒంటి మీద లోహమన్నది ఉండొద్దు."

ఆయన చొక్కా విప్పారు, వాచీ తీశారు, ఉంగరం తీశారు. నడుముకి వెండి మొలతాడు ఉంది, తన చేత్తో చేసుకున్నది. మగవాడి నడుము మొలతాడు లేకుండా ఉండకూడదు కదా, అదెలా తీస్తాం అని ఆగిపోయారు. ఇంతలో నల్లతాడు కూడా ఉందని గుర్తొచ్చి, వెండిది విప్పి నాకిచ్చారు. నల్లతాడుకి చిన్న గుడ్డమూట ఉంది. అందులో ఏముందని సంతోష్ అడిగాడు. విభూది అన్నారాయన.

ఆయన అబద్ధమాడలేదు. విభూది అని ఆయనకి చెప్పింది నేను.

అందులో ఉన్నది ఇనుము. మా అత్తగారి నాటి పెట్టె తాళంచెవి కొస కోయించి, మినపగింజంత ముక్క, నేనే గుడ్డలో చుట్టి కుట్టాను. కుంపటి మీద పడ్డ రోజున తాళాల గుత్తి నా హ్యాండ్‌బ్యాగ్‌లో, నాతో బడిలో ఉంది. తాళాలతో మూర్ఛ తగ్గదని నాకు తెలుసు. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ కాలిన ఆ చెయ్యి చూశాక, ఇంట్లో తాళాలుంటే పడేవారు కాదేమో అన్న మాట మనసులోంచి పోలేదు. సైన్స్ టీచర్ని కాబట్టి ఎవరికీ తెలియకుండా కట్టాను.

చెప్పాల్సింది ఆ క్షణంలోనే. పావుగంట కిందట ఇచ్చిన ఉపన్యాసం గొంతుకి అడ్డం పడింది. ఇంత చిన్న ముక్క, అదీ నడుము దగ్గర, తలకి ఎంతో దూరం, ఏం చేస్తుందిలే అనుకున్నాను. తలుపు మూసేశారు.

ఊపిరి పీలిస్తే లేచే గీత

బయట తెర మీద గీతలు మొదలయ్యాయి. అన్నీ కలిసి పైకి లేస్తున్నాయి, కిందికి పడుతున్నాయి, అలల్లాగా. సంతోష్ మొహం ముడుచుకున్నాడు. మెట్రో అనుకున్నాడు. రైళ్ళ టైము చూశాడు, కుదరలేదు. లిఫ్ట్ అనుకుని పైకి ఫోన్ చేసి లిఫ్ట్ ఆపించాడు. నాలుగంతస్తుల రోగులు తిట్టుకున్నారు గానీ గీత ఆగలేదు. సెల్లార్‌లో కార్లు తీయించాడు. మధ్యాహ్నం వరకు ఇదే తంతు.

అన్నం వేళకి తన డబ్బా తెరిచి మాకు కూడా పెట్టాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు. మేం చారు కాచి కాచి చంపుతాం, వీళ్ళు చింతపండు పిసికి ఉల్లిపాయ వేసి పొయ్యి ఎక్కించకుండానే తినేస్తారు. మా ఆయన రెండుసార్లు అడిగి పోయించుకున్నారు. నాకు ముద్ద దిగలేదు.

తిన్నాక ఆయన్ని మళ్ళీ గదిలో కూచోబెట్టి, తెర ముందు కూచున్న సంతోష్ ఉన్నట్టుండి లేచాడు. గదిలో ఉన్న ఆయన్ని మైకులో ఊపిరి బిగపట్టమన్నాడు. గీత ఆగిపోయింది. వదలమన్నాడు. మళ్ళీ లేచింది. అయస్కాంతం కొసన ఇనుప రజను ఎగిరిపడడం పిల్లలకి నేను చూపిస్తాను. ఇక్కడ నా మూర్ఖత్వం ఎగిరిపడుతోంది, తెర మీద, ఆయన ఊపిరి తీసినప్పుడల్లా.

సంతోష్ ఆయన్ని బయటికి తీసుకొచ్చి కూచోబెట్టాడు. ఒంట్లో ఎక్కడైనా ఆపరేషన్ క్లిప్పులున్నాయా, పళ్ళకి ఏమైనా పెట్టించారా అని అడిగాడు. లేవన్నారు. ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నారని అడిగాడు. ముప్పై ఎనిమిదేళ్ళన్నారు.

"ఆకురాయితోని రాకినప్పుడు ఇనుప రజను లేస్తది సార్. ఊపిరితోని లోపటికి పోయి కూసుంటది. వెల్డింగ్ చేసేటోళ్ళకు గిట్లనే అయితది," అన్నాడు చాలా మెల్లగా. "దాన్ని మేం తియ్యలేం సార్. మీకు గీ పరీక్ష కాదు."

పేరు కొట్టేశాడు. కళ్ళ ముందే. మా ఆయన కాసేపు తన అరచేతులు చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, చొక్కా ఇవ్వమన్నారు.

మళ్ళీ అమీర్‌పేట

ఆ సాయంత్రం మెస్‌లో సుబ్బలక్ష్మిగారు గోంగూర వేసి, మావాళ్ళని చూస్తే ప్రాణం లేచొచ్చిందంటూ ఇంకో గరిటె నెయ్యి పోసింది. చుట్టూ పిల్లలు ఇంటర్వ్యూల గురించి గోల గోలగా మాట్లాడుకుంటున్నారు. మా ఆయన అన్నం కలుపుతూ, "నా పనే నాకు అడ్డం పడింది చూశావా," అన్నారు. కోపంగా కూడా కాదు. లెక్క తేలిపోయిన మనిషిలాగా అన్నారు. ఇంటికెళ్ళాక సామాను పక్క కొట్టువాళ్ళకి ఇచ్చేద్దామన్నారు, పట్టకారులు, ఆకురాళ్ళు, ఊదుగొట్టం అన్నీ. పెట్టుకుని ఏం చేస్తామన్నారు.

అప్పుడైనా నోరు తెరవాలి కదా నేను? తెరవలేదు. ఎదురుగా అంత అన్యాయంగా తన పనిని తనే తిట్టుకుంటున్న మనిషిని చూస్తూ, గోంగూర బాగుందండీ అన్నాను. నన్ను నేను చూసుకుని అంత అసహ్యపడిన రోజు ఇంకొకటి లేదు.

ఒక్క స్టేషన్ దూరం

తెల్లారగానే ఆయనకి మందులు తెస్తానని చెప్పి ఒక్కదాన్నే మెట్రో ఎక్కాను. పది పన్నెండు రూపాయల టికెట్టు, రెండు నిమిషాల ప్రయాణం. బోగీ నిండా జనం, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఈ రైలు కదలిక కింద సెల్లార్‌లో ఒక గాజు పలుకుకి తెలుస్తోందని ఎవరికీ తెలియదు. రైలు పంజాగుట్టలో ఆగేదాకా తిరిగిపోదామా అనే ఆలోచన పోలేదు.

సంతోష్ అప్పుడే వచ్చి తాళం తీస్తున్నాడు. నిలబడే చెప్పేశాను, తాళంచెవి కొస నుంచి విభూది దాకా మొత్తం. వాడు తాళం తీయడం ఆపేశాడు.

"మీరు ఫిజిక్స్ చెప్తరు కదా మేడం," అన్నాడు.

చెప్తానన్నాను. తల కొట్టేసినట్టయింది.

కళ్ళెర్రజేసి అన్నాడు. "నిన్న ఒక్క మాట చెప్తే ఏం పోతుండె? ఇనుము ఊపిరిల ఉన్నదంటే గా సార్ మొకం ఎట్లయిందో చూసిన్రా మీరు? నేను ఇంటికి పోయి అన్నం తినలే."

నేను గోంగూర అన్నం తిన్నాను. ఆ మాట వాడికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

మిగిలిన రోజులన్నీ వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఒకటే దారి ఉందన్నాడు. మెట్రో ఆరింటికి మొదలవుతుంది. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తే, మొదటి రైలు వచ్చేలోగా కొలవొచ్చు. అసలు రైళ్ళు లేని సమయంలో గీత ఇంకా శుభ్రంగా వస్తుంది. తన నిద్ర మానుకుని వస్తానన్నాడు. దణ్ణం పెట్టబోతే పక్కకి జరిగాడు.

గదికి వచ్చి ఆయనకి చెప్పాను. మంచం మీద కూచుని విన్నారు. కొత్త నల్లతాడు కొనుక్కొచ్చాను. పాతది తీసే ముందు కొత్తది కట్టాలి కాబట్టి ముందు అది కట్టి, తర్వాత పాతదాన్ని బ్లేడుతో కోశాను. గుడ్డమూట విప్పి ముక్క అరచేతిలో వేశాను. ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని వెలుగులో తిప్పి చూశారు.

"అమ్మ పెట్టె తాళంచెవి," అన్నారు. "ఎప్పటి నుంచి?"

చెయ్యి కాలిన రోజు నుంచి అన్నాను. అప్పుడేడ్చాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు చెప్తే వెండిలో పొదిగి ఇచ్చేవాణ్ణి కదే," అన్నారు.

రైళ్ళు లేని వేళ

పంజాగుట్ట చౌరస్తా ఖాళీగా ఉంటుందని చెబితే అక్కడ ఉండేవాళ్ళు నమ్మరు. నేను చూశాను. ఫ్లైఓవర్ మీద ఒక్క బండి లేదు. పూలమ్మే ఆవిడ మాత్రం గోనె పరుచుకుని బంతిపూలు పోస్తోంది.

ఈసారి గీతలు కదల్లేదు. నీళ్ళు నిలిచిన గిన్నెలా ఉంది తెర. కాసేపటికి ఒక గీత మీద ముల్లులాగా ఒకటి లేచింది. మళ్ళీ ఒకటి. సంతోష్ కుర్చీలోంచి ముందుకి వంగాడు. మూర్ఛ రాని సమయంలో కూడా ఆ చోటు ఇలా రవ్వలు విసురుతూనే ఉంటుందట. నాలుగేళ్ళుగా నా ఇంట్లో దొంగలాగా తిరుగుతున్నది మొదటిసారి నా కంటికి కనబడింది.

తర్వాత వేళ్ళు కదపమన్నారు. ఆపరేషన్ చేసేవాళ్ళకి ఏ చోటు ఏ పని చేస్తుందో తెలియాలి కదా. కెమెరాలో చూస్తున్నాను. ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి, పట్టకారుతో రాయి ఎత్తి పెడుతున్నట్టు మెల్లగా కదిపారు. అలా కదపమని ఎవరూ చెప్పలేదు. తెర మీద మెదడు బొమ్మలో ఒక చోట వెలిగింది. ఎంత అందంగా వెలిగిందో! ముప్పై ఎనిమిదేళ్ళ పని అంతా ఆ చుక్కలో ఉందా అనిపించింది.

ఆ పక్కనే ఇందాకటి ముల్లు చోటు ఎర్రగా ఉంది. చాలా పక్కన. సంతోష్ ఆ రెండిటినీ చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అసలు సంగతి డాక్టర్ మేడం చెప్తారని మాత్రం అన్నాడు. ఆరయింది. మొదటి రైలు వెళ్ళింది, గీత ఊగింది.

నాలుగో అంతస్తు

రెండు రోజుల తర్వాత పిలిచారు. మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు అరుంధతిగారు. సన్నగా ఉంటారు, నలభై దాటి ఉంటాయి. చోటు దొరికిందని ముందే చెప్పారు. నేను కుర్చీ చేతిని పట్టుకున్నాను. అప్పుడు చెప్పారు రెండో మాట. ఆ చోటుకీ, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కదిపే చోటుకీ మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు.

మా ఆయన నవ్వేశారు. "నాలుగు మిల్లీమీటర్లంటే మాకు చాలా చోటమ్మా. ఒకదానికొకటి తగలకుండా రెండు రాళ్ళు పొదుగుతాను."

"మీ బంగారం కదలదు కదండీ. మెదడు మెత్తనిది, ఊపిరి తీసినా కదులుతుంది," అన్నారావిడ. ఆపరేషన్ చేస్తే మూర్ఛలు పోయే అవకాశం బాగా ఉందట. ఆ రెండు వేళ్ళకి పట్టు పోయే ప్రమాదం కూడా ఉందట. ఎంత అంటే అంకె చెప్పలేనన్నారు. చెప్తే అది అబద్ధమవుతుందన్నారు.

కుంపటి దగ్గర కూచోవచ్చు గానీ పట్టకారు పట్టుకోలేకపోవచ్చు, అంతేనా అని అడిగారాయన. అంతేనన్నారు. రుబీడియం ఆవిరి, లేజర్లు, లోహపు గది, రైళ్ళు లేని వేళ, ఇంత చేసి కోట్లలో ఒక వంతుని కొలిచి తెచ్చింది ఈ నాలుగు మిల్లీమీటర్లనా! ఇంకో నాలుగు ఉంటే ఏం పోయేది దేవుడికి? చోటు దొరకకపోయినా బాగుండేదని, నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో అనుకున్నాను.

ఆయన మాత్రం బల్ల మీద ఉన్న డాక్టరుగారి చేతుల వైపు చూస్తున్నారు. పనివాళ్ళ చేతుల్ని ఆయన చూసే చూపు నాకు తెలుసు. గోళ్ళు, కణుపులు, వేలి కొసలు, తొందర లేకుండా.

"ఒక్క మాట అడుగుతానమ్మా, ఏమీ అనుకోకండి. ఇదే మీకొచ్చి, ఈ వేళ్ళే పోవచ్చు అంటే మీరు చేయించుకుంటారా?"

ఆవిడ బల్ల మీది చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పెట్టుకున్నట్టు తనకే తెలియదనుకుంటాను. కిందినుంచి పంజాగుట్ట హారన్లు వినబడుతూనే ఉన్నాయి.

"నాకు తెలియదండీ," అన్నారు చివరికి. "ఆలోచిస్తేనే భయమేస్తోంది."

డాక్టరే ఆ మాట అన్నాక ఇంకేముంది, లేవండి వెళ్దాం అనబోయాను. ఆయన లేవలేదు. నా వైపు తిరిగి, చాలా రోజుల తర్వాత పనివాడి గొంతుతో చెప్పారు.

"చెయ్యంటే ఏంటో తెలిసిన మనిషి. ఈవిడ చేత్తోనే చేయించుకుంటాను. ఎప్పుడో అడుగు."

నేను ఆవిడ ఒళ్ళో ఉన్న చేతుల వైపే చూస్తున్నాను. తేదీ ఆయనే అడిగారు.